చిన్న సైటుకు ఏ దారి మంచిది? పేజీ భాగాలు, రోజువారీ కంప్యూటర్ తలనొప్పులు, ఒక విశాఖ లెక్క

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖపట్నం జిల్లా మూడైంది. ఏటికొప్పాక లక్కబొమ్మల చిరునామా అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. అరకు కాఫీ చిరునామా పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఆ ప్రాంతాల్లో వెబ్‌సైటు ఉన్న దుకాణాలకూ, అతిథి గృహాలకూ వెంటనే ఒక పని పడింది: ప్రతి పేజీ అడుగున ఉన్న చిరునామాలో జిల్లా పేరు మార్చడం. కొందరికి అది ఒక ఫైలులో ఒక మాట దిద్దితే తీరిపోయే పని. మరికొందరికి ముప్పై పేజీలు ఒక్కొక్కటే తెరవాల్సిన పని. అందులో రెండు మూడు మరిచిపోవడం ఖాయం. ఒకే సైటులో 'సంప్రదించండి' పేజీ ఒక జిల్లాలోనూ, 'ఉత్పత్తులు' పేజీ ఇంకో జిల్లాలోనూ ఉండటానికి కారణం ఇదే.

పై పట్టీ, మెనూ, అడుగు పట్టీ, వాట్సాప్ బటన్, వస్తువు ఫొటో ధరతో ఉండే చిన్న పెట్టె: ఇవన్నీ పేజీ పేజీకీ మళ్లీ మళ్లీ వచ్చే భాగాలు. వీటిని ఒక్కచోట రాసి అన్ని పేజీలకూ వాడుకునే దారులు అరడజను పైనే ఉన్నాయి. వాటిని పోల్చేవారు సాధారణంగా వేగం గురించీ, ఎంతమంది వాడుతున్నారనే దాని గురించీ చెబుతారు. ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపేవారికో, పూర్ణా మార్కెట్‌లో హోల్‌సేల్ దుకాణం ఉన్నవారికో ఆ రెండూ పెద్దగా పనికిరావు. నేను అడిగే ప్రశ్న వేరు: సైటు కట్టిన కుర్రవాడు ఇంకో ఊళ్లో ఉద్యోగానికి వెళ్లిపోయాక దాన్ని ఎవరు మారుస్తారు, ఏ కంప్యూటర్ మీద మారుస్తారు? ప్రతి దారీ తనదైన ఒక ఇబ్బందిని ఆ కంప్యూటర్ మీదికి తెచ్చిపెడుతుంది. ఏ దారి తెచ్చే ఇబ్బందిని మీరు సొంతంగా తీర్చుకోగలరో ఆ దారి పట్టండి.

అయిదు పేజీల లోపు సైటుకు

ఏ దారీ అక్కర్లేదు. మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు రాసి, మెనూను ప్రతి పేజీలోనూ అతికించండి. మార్పు వచ్చినప్పుడు వీఎస్ కోడ్‌లోనో నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్‌లోనో ఫోల్డరు మొత్తాన్ని వెతికి ఒకేసారి మార్చే సదుపాయం ఉంది, అది చాలు. మెనూ అన్ని పేజీల్లోనూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలన్నదే షరతు. ఇంత చిన్నదానికి పెద్ద సరంజామా దింపమని ఎవరైనా చెబితే వారు నేర్చుకోవడానికి చెబుతున్నారని అర్థం, మీ అవసరం కోసం కాదు.

ఈ దారిలో వచ్చే చిక్కులు మూడు. విండోస్ ఫైలు పేరు చివరి తోకను దాచిపెడుతుంది కాబట్టి నోట్‌ప్యాడ్‌లో దాచిన పేజీ హెచ్‌టీఎంఎల్ తర్వాత మళ్లీ టీఎక్స్‌టీ తగిలించుకుని బ్రౌజర్‌లో ముడి రాతలా తెరుచుకుంటుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి తోకలు కనిపించేలా పెట్టుకుంటే ఈ బాధ ఇక ఉండదు. రెండోది, తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోవడం. 2019 మే విండోస్ 10 అప్‌డేట్‌కు ముందు నోట్‌ప్యాడ్ తనంతట తాను యూటీఎఫ్-8లో, అంటే తెలుగు అక్షరాలను కూడా దాచగలిగే పద్ధతిలో, దాచేది కాదు. పాత యంత్రం మీద పని చేస్తుంటే దాచేటప్పుడు ఆ ఎంపికను చేత్తో మార్చాలి. ఒకసారి ప్రశ్నార్థకాలుగా దాచాక ఆ తెలుగు తిరిగి రాదు, మళ్లీ టైపు చేయాల్సిందే. మూడోది, మీ కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన ఫొటో సర్వర్ మీదికి ఎక్కించాక మాయమవడం. విండోస్‌కు పెద్దబడి, చిన్నబడి ఇంగ్లిషు అక్షరాల తేడా పట్టదు. సర్వర్లు ఎక్కువగా లినక్స్ మీద నడుస్తాయి, వాటికి పడుతుంది. ఫోను కెమెరా పెద్ద అక్షరాల తోకతో ఇచ్చిన ఫైలును పేజీలో చిన్న అక్షరాలతో పిలిస్తే దొరకదు. ఫైళ్ల పేర్లన్నీ చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

పేర్లు తెలుగులో పెట్టకూడదా అంటే, పెట్టవచ్చు, పనిచేస్తుంది కూడా. కానీ యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. లింకును కాపీ చేసినప్పుడు ఆ ఒక్క సంకేతం శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలుగా విచ్చుకుంటుంది. వాట్సాప్‌లో పంపితే అరచేయంత పొడుగు లింకు వెళ్తుంది, చూసినవారు మోసపు లింకేమో అనుకుంటారు.

పది నుంచి ముప్పై పేజీల దుకాణం సైటు

ఇక్కడ నా ఓటు సర్వర్ మీద నడిచే పీహెచ్‌పీ భాషలోని ఇంక్లూడ్‌కే. కొత్త కుర్రకారు దీన్ని చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి. పై పట్టీ ఒక ఫైలు, అడుగు పట్టీ ఒక ఫైలు. ప్రతి పేజీలోనూ వాటిని పిలిచే ఒక్కో వాక్యం. సర్వర్ వాటిని కలిపి పూర్తి పేజీని పంపుతుంది. చదివేవారి ఫోనులో జావాస్క్రిప్ట్ నడవాల్సిన అవసరం లేదు, గూగుల్‌కు కూడా మొత్తం పేజీ ఒక్కసారే అందుతుంది. చవకగా దొరికే షేర్డ్ హోస్టింగ్‌లో దాదాపు అన్నిచోట్లా పీహెచ్‌పీ ముందే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, నాలుగు జీబీ ర్యామ్ ఉన్న బిల్లింగ్ కంప్యూటర్ మీద కూడా ఈ పని సాగుతుంది. హోస్టింగ్ ప్యానెల్‌లో ఫైల్ మేనేజర్ తెరిచి అడుగు పట్టీ ఫైలులో ఫోను నంబరు మార్చడం కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయికి ఒక్క సాయంత్రంలో నేర్పవచ్చు. ఏ ఇతర దారిలోనూ ఇంత సులువుగా పని అప్పగించలేం.

దీనికీ తనవైన చిక్కులున్నాయి. ఫైలును రెండుసార్లు నొక్కితే బ్రౌజర్‌లో పేజీ రాదు, ముడి కోడ్ వస్తుంది, ఎందుకంటే కలిపే సర్వర్ అక్కడ లేదు. ఇంట్లో చూసుకోవాలంటే మీ కంప్యూటర్‌లోనే సర్వర్‌ను నడిపే ఎక్స్ఏఎంపీపీ లాంటిది వేసుకోవాలి. అది వేశాక అందులోని సర్వర్ అపాచీ మొదలవకుండా ఎర్రగా మొరాయిస్తే చాలాసార్లు 80వ పోర్టును ఇంకో ప్రోగ్రాం పట్టుకుని ఉంటుంది. సెట్టింగుల్లో 8080కి మార్చుకుంటే సరి. పేజీ పైన ఎక్కడినుంచో ఒక తెల్ల గీతంత ఖాళీ వచ్చిందంటే పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్‌ను తిట్టకండి. ఇంక్లూడ్ ఫైలును బామ్ ఉన్న యూటీఎఫ్-8గా దాచి ఉంటారు, దాని మొదట్లో కంటికి కనిపించని మూడు బైట్లు చేరాయి. బామ్ లేని యూటీఎఫ్-8గా దాచండి.

లోపలి ఫోల్డరులో ఉన్న పేజీల్లో మాత్రమే మెనూ లింకులు తెగిపోవడం ఇంకో పాత జబ్బు. మెనూ ఒక్కటే అయినా అది కూర్చున్న పేజీ ఏ ఫోల్డరులో ఉందో దాన్నిబట్టి దారి మారుతుంది. లింకులన్నీ సైటు మూలం నుంచి, అంటే ముందు ఒక అడ్డగీతతో మొదలుపెడితే ఎక్కడున్నా పనిచేస్తాయి.

యూట్యూబ్ చూపించే అడ్డదారి

మెనూను వేరే ఫైలులో పెట్టి జావాస్క్రిప్ట్‌తో తెచ్చి అతికించే చిట్కా ఒకటి విరివిగా నేర్పుతున్నారు. మెనూకు దాన్ని వాడకండి. మీ కంప్యూటర్‌లో ఫైలును నేరుగా తెరిస్తే భద్రతా కారణాలతో బ్రౌజర్ ఆ తెచ్చే పనిని ఆపేస్తుంది, మీరు కోడ్‌లో తప్పుందని గంటల కొద్దీ వెతుకుతారు. సర్వర్ మీద పనిచేసినా పేజీ ముందు ఖాళీగా వచ్చి, తర్వాత మెనూ దిగుతుంది. అనంతగిరి ఘాట్‌లో ఒక గీత సిగ్నల్ మీద చూసేవారికి ఆ రెండింటి మధ్య టీ తాగేంత సమయం దొరుకుతుంది.

వెబ్ కాంపొనెంట్లు (కాంపొనెంట్ అంటే మళ్లీ మళ్లీ వాడే పేజీ భాగం) దీనికన్నా పద్ధతైన దారి. పేరులో అడ్డగీత ఉండే సొంత ట్యాగును మీరే తయారు చేసుకోవచ్చు, బయటి లైబ్రరీ అక్కర్లేదు, ఇప్పటి ప్రధాన బ్రౌజర్లన్నీ వాటిని అర్థం చేసుకుంటాయి. గది అద్దె లెక్కగట్టే పెట్టె, ఫొటోలు తిప్పే పట్టీ లాంటి కదిలే భాగాలకు బాగుంటాయి. అడుగు పట్టీలో చిరునామా చూపించడానికి అవసరం లేదు.

కంప్యూటర్‌లో కట్టి, సర్వర్‌కు ఎక్కించే దారి

ఎలెవెన్టీ, హ్యూగో, జెకిల్, ఆస్ట్రో. పేర్లు వేరైనా పని ఒకటే. భాగాలు, పేజీలు వేరువేరుగా రాసుకుంటే అవి మీ కంప్యూటర్‌లోనే కలిపి మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లను తయారు చేస్తాయి. ఎక్కించేది ఆ ఫైళ్లనే. సర్వర్ మీద డేటాబేస్ ఉండదు, లాగిన్ పేజీ ఉండదు, కాబట్టి దొంగలు తట్టడానికి తలుపు కూడా ఉండదు. వందల పేజీల సైటుకు, తక్కువగా మారేదానికి, రాసేది ఒక్కరే అయినప్పుడు దీన్ని మించినది లేదు. స్థానిక చరిత్ర రాసేవారికి, బడి పూర్వ విద్యార్థుల సంఘానికి నేను దీన్నే చెబుతాను.

ఉచిత చోటు కూడా దొరుకుతుంది. గిట్‌హబ్ పేజెస్‌లో సైటు 1 జీబీ లోపు ఉండాలి. అయితే అమ్మకాలు నడిపే వ్యాపార సైట్లకు అది ఉద్దేశించినది కాదని వారి నిబంధనల్లోనే ఉంది, దుకాణదారులు ఆ మాట చదవకుండా దిగకూడదు. పైగా సొంత డొమైన్ పెట్టుకోని ప్రాజెక్టు సైటు అక్కడ ఒక ఉపఫోల్డరు కింద ఉంటుంది. ఇందాక నేను చెప్పిన 'ముందు అడ్డగీత' లింకులు అక్కడ పనిచేయవు. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ ఉచిత పద్ధతిలో 20,000 ఫైళ్ల వరకు, ఒక్కో ఫైలు 25 ఎంబీ వరకు ఒప్పుకుంటుంది. చిన్న వ్యాపారానికి అది ధారాళం.

ఈ దారిలో ఇబ్బంది సర్వర్ మీద కాక మీ బల్ల మీదే ఉంటుంది. హ్యూగో తప్ప మిగతా వాటికి, వాటిని నడిపే నోడో రూబీయో కంప్యూటర్‌లో ముందు ఉండాలి. ఆజ్ఞలు టైపు చేసే విండోస్ పవర్‌షెల్‌లో, నోడ్‌తో పాటు వచ్చే ఎన్‌పీఎం పేరు కొట్టగానే, ఈ యంత్రంలో స్క్రిప్టులు నడపడం నిషేధమంటూ ఎర్ర అక్షరాలు వస్తాయి. చాలామంది అక్కడే ఆగిపోతారు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అదే ఆజ్ఞ కొట్టండి, నడుస్తుంది. ప్రాజెక్టును డెస్క్‌టాప్ మీద పెట్టి, ఆ డెస్క్‌టాప్‌ను వన్‌డ్రైవ్ తనలోకి లాక్కుంటూ ఉంటే వేలకొద్దీ చిన్న ఫైళ్లు మేఘంలోకి పరుగులు తీసి కంప్యూటర్ నీరసించిపోతుంది. సి డ్రైవ్‌లో వేరే ఫోల్డరు చేసి అక్కడ పెట్టండి. హ్యూగో ఒకే ఒక్క ప్రోగ్రాం ఫైలుగా వస్తుంది, పాత కంప్యూటర్ మీద కూడా నిమిషాల్లో పని మొదలవుతుంది. ఈ నాలుగింటిలో నన్ను ఒక్క పేరు చెప్పమంటే హ్యూగో అంటాను. దాని టెంప్లేట్ భాష మాత్రం మొదట్లో మొండిగా ఉంటుంది.

2014 అక్టోబర్ 12 హుద్‌హుద్ తర్వాత ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటూ ఫోనూ లేవు. సైటు మూలప్రతి ఆఫీసు కంప్యూటర్‌లో మాత్రమే ఉంచుకోవడం విశాఖలో తెలివైన పని కాదు. మార్పులన్నిటినీ గుర్తుంచుకునే గిట్ అనే పనిముట్టుతో ఒక ప్రతి బయట ఉంచుకునే అలవాటు ఈ దారిలో సాధారణంగా వస్తుంది, మిగతా దారుల్లో మీరే గుర్తుపెట్టుకుని చేయాలి. తుఫానే రానక్కర్లేదు. లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ వైపు సముద్రపు గాలి తగిలే గదుల్లో ఉప్పు తేమకు ర్యామ్ కాళ్లు మసకబారి, ఒక పొద్దున కంప్యూటర్ తెర వెలగకుండా బీప్ అంటుంది. ప్లగ్ తీసేసి, ర్యామ్ ఊడదీసి, బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ పెడితే చాలాసార్లు లేస్తుంది.

రియాక్ట్ గురించి, మేనల్లుడు చెప్పినా సరే

రుషికొండలో ఐటీ ఉద్యోగం చేసే మేనల్లుడు ప్రతి ఇంట్లోనూ ఒకరు ఉంటారు. దుకాణానికి సైటు అనగానే అతను రియాక్ట్ అంటాడు. 2013లో ఫేస్‌బుక్ బయటికి విడుదల చేసిన ఈ లైబ్రరీ కాంపొనెంట్ల ఆలోచనను అందరికీ అలవాటు చేసిన మాట నిజం. తెర మీద క్షణక్షణం మారే విషయాలుంటే, అంటే సీట్ల బుకింగు, స్టాకు లెక్క, విద్యార్థుల మార్కుల పట్టిక లాంటివి ఉంటే, అతని మాట వినండి. వ్యూ, స్వెల్ట్ కూడా అక్కడ పరిశీలించదగినవే. నాలుగు ఫొటోలు, చిరునామా, పని వేళలు చూపించే సైటుకు మాత్రం అది ఒక్క పెసరట్టు కోసం పెళ్లి గాడిపొయ్యి వెలిగించడమే.

పొయ్యి ఖర్చు మొదటి రోజు కనిపించదు. రియాక్ట్ ప్రాజెక్టు మొదలుపెట్టడానికి ఏళ్ల తరబడి అందరూ వాడిన క్రియేట్ రియాక్ట్ యాప్‌ను 2025 ఫిబ్రవరిలో ఆ బృందమే కొత్త పనులకు వాడవద్దని పక్కన పెట్టింది. దానితో కట్టిన సైట్లు ఆగిపోవు, కానీ రెండేళ్ల తర్వాత ఒక చిన్న మార్పు కోసం తెరిచినవారికి ముందు పనిముట్లను మార్చుకునే పని పడుతుంది. అప్పటికి మేనల్లుడు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటాడు.

యజమానే రాసుకోవాలంటే

వర్డ్‌ప్రెస్, అంటే కోడ్ ముట్టకుండా బ్రౌజర్‌లోనే లాగిన్ అయి పేజీలు రాసుకునే పద్ధతి. వారం వారం కొత్త బ్యాచ్ వివరాలు పెట్టే కోచింగ్ సెంటర్లకు, ఫొటోలు మార్చే హోటళ్లకు మరో మాట లేదు. 2018 డిసెంబర్‌లో బ్లాక్ ఎడిటర్ వచ్చినప్పటినుంచి పేజీని ముక్కలుగా పేర్చే పద్ధతి మామూలైంది. 2023 ఆగస్టులో వచ్చిన 6.3 నుంచి ముక్కను దాచుకునేటప్పుడు సింక్ అయ్యే రకమా కాదా అని అడుగుతుంది. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. సింక్ పెడితే ఒక్కచోట మార్చినది అన్నిచోట్లా మారుతుంది. పెట్టకపోతే అది వట్టి నకలు, ఒకదాన్ని మారిస్తే మిగతావి కదలవు. ఫోను నంబరుకు సింక్ ఉండాలి. కొత్త బ్యాచ్ ప్రకటన నమూనాకు ఉండకూడదు.

బదులుగా మీరు ఇచ్చేది కాపలా. ప్లగిన్లు (అదనపు సదుపాయాలు), థీమ్ (సైటు రూపం) ఎప్పటికప్పుడు తాజాగా ఉంచాలి, వాడని ప్లగిన్లు తీసేయాలి, సైటు ప్రతి ఒకటి బయట ఉంచాలి. నెలకొకసారైనా లాగిన్ అయ్యే ఓపిక లేనివారు ఈ దారికి రాకూడదు. అపార్ట్‌మెంట్ సంఘానికో గుడి కమిటీకో అయితే గూగుల్ సైట్స్ చాలు. మెనూ, అడుగు పట్టీ అది తానే అన్ని పేజీలకూ చూపిస్తుంది, కాపలా పనీ లేదు. అందం తక్కువ, అంతే.

ఏ దారిలోనైనా ఎదురయ్యే తెలుగు చిక్కు

పోలికల్లో ఎవరూ రాయని విషయం ఇది. యజమాని ఇచ్చే తెలుగు సమాచారం ఎక్కువగా ప్రెస్సు నుంచి వస్తుంది. కరపత్రం కోసం పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేసిన ఫైలది. దాన్ని కాపీ చేసి సైటులో అతికిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఫాంటు పోయిందని ఫాంటు కోసం వెతుకుతారు. పోయింది ఫాంటు కాదు, అందులో మొదటినుంచీ తెలుగు సంకేతాలే లేవు. వేరే అక్షరాలకు తెలుగు బొమ్మలు తొడిగారు. అసలైన తెలుగు సంకేతాలుండే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, 'క్ష', 'ర' వత్తు దగ్గర ఒకసారి కళ్లతో చదవండి. ఒక పేజీకి మించని సమాచారమైతే మళ్లీ టైపు చేయడమే త్వరగా తేలుతుంది. 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది.

రెండో చిక్కు కాంపొనెంట్లలోనే ఉంది. మార్కెట్లో దొరికే బటన్లు, మెనూలు, పెట్టెలు ఇంగ్లిషు అక్షరం ఎత్తును చూసి కొలిచినవి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఒత్తు. 'స్త్రీ' అన్న మాటను మీరు ఎంచుకున్న టెంప్లేట్ మెనూలో టైపు చేసి చూడండి. సగం సైట్లలో కింది భాగం తెగిపోతుంది. వరుసల మధ్య ఎత్తును అక్షర పరిమాణానికి 1.6 రెట్లకు పైన పెట్టండి. బటన్‌కు నిలువు ఎత్తు ఇంతే అని బిగించకండి, లోపలి ఖాళీతో పెరగనివ్వండి. ఇంగ్లిషు శీర్షికలకు అక్షరాలను దూరం దూరంగా జరిపే అలంకారం తెలుగుకు పెట్టవద్దు. ఒక దారిని ఖాయం చేసేముందు ఆ 'స్త్రీ' పరీక్ష పెట్టడం వేగం కొలిచే పరీక్షలకన్నా ఎక్కువ చెబుతుంది.

సైటు పాడైందని వచ్చే ఫోన్లు

వాటిలో చాలా వరకు సైటు గురించి కావు. మార్చినది కనిపించడం లేదంటే బ్రౌజర్ పాత ప్రతిని చూపిస్తోంది. కంట్రోల్ పట్టుకుని ఎఫ్5 నొక్కమనండి. ఫోనులో కూడా పాతదే వస్తుంటే పేజీలో సీఎస్‌ఎస్ ఫైలును పిలిచేచోట దాని పేరు చివర ప్రశ్నార్థకం పెట్టి కొత్త సంఖ్య తగిలించండి. అన్ని సైట్లూ ప్రమాదం అంటూ ఎర్ర హెచ్చరిక చూపిస్తున్నాయంటే ముందు కంప్యూటర్ తేదీ చూడాలి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోయి కంప్యూటర్ పాత సంవత్సరంలోకి వెళ్లి ఉంటుంది. సైటు అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్లేవీ ఆ తేదీకి చెల్లవు. సైటు హ్యాక్ అయిందని భయపడినవారి చేత ఒక చిన్న బ్యాటరీ కొనిపించడం నాకు ఇష్టమైన మరమ్మతు. సైటు నెమ్మదిగా ఉందంటే ఫోను కెమెరా నుంచి అయిదు ఎంబీల ఫొటోలను అలాగే ఎక్కించి ఉంటారు. వెడల్పును 1,200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో రకంగా మార్చండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, సైటు పాస్‌వర్డులు దాచుకున్న యంత్రం అదే అయితే దాని సంగతి ముందు చూడండి.

2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో డేటా కేంద్రానికి 1,500 కోట్ల డాలర్లు ప్రకటించాక, హోస్టింగ్ ఇక్కడే తీసుకోవాలా అని అడుగుతున్నారు. మీ సైటుకు దానితో పని లేదు. సర్వర్ ముంబయిలోనో హైదరాబాద్‌లోనో ఉన్నా మన ఫోన్లకు తేడా తెలియదు.

డబ్బు చివరి వాయిదా ఇచ్చేముందు కట్టినవారిని మీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మెనూలో ఒక కొత్త పేజీ చేర్పించండి. తర్వాత అదే పనిని మీ దుకాణంలో ఆ బాధ్యత తీసుకోబోయే వ్యక్తితో చేయించండి. ఆ ఇద్దరూ లేవకముందే డొమైన్ ఎవరి పేరున, ఏ ఈమెయిల్ మీద నమోదైందో చూడండి. అది మీది కాకపోతే, మార్పించాకే చివరి వాయిదా.